టైపు టీచరు, సగం గొడుగు

మా అక్కకు కళ్ళు చెవుల్లో ఉండేవి. టైపు క్లాసు జరుగుతున్నంతసేపూ నేర్చుకునేవాళ్ళ వైపు వీపు పెట్టి, కిటికీలోంచి వీధిని చూస్తూ నిలబడేది. వెనక గదినిండా మిషన్లు వడగళ్ళ వానలా మోగుతుండేవి. ఆ హోరులో ఉన్నట్టుండి, తల తిప్పకుండానే, "మూడో బల్ల! చిటికెన వేలు నిద్రపోతోందా?" అనేది. మూడో బల్ల దగ్గరి మనిషి ఉలిక్కిపడి తన చిటికెన వేలిని దొంగను చూసినట్టు చూసుకునేవాడు.

ఆ గదిలో ఒక మూల, రిబ్బన్లు దాచే బీరువా పక్కన, నాకొక కుర్చీ ఉండేది. ప్రెస్సులో ప్రూఫులు దిద్దే పని అయిపోగానే అక్కడికి చేరి పుస్తకం తెరిచేవాణ్ణి. ఇంత రొదలో ఎలా చదువుతావని అడిగేవారు. వాన పడుతుంటే చదువుకునేవాళ్ళు లేరా? నాకు ఆ చప్పుడు ఆగితేనే పేజీ కదిలేది కాదు.

తరవాత తరవాత అది నిజంగానే ఆగడం మొదలుపెట్టింది. ఒక్కో బల్లా ఖాళీ అయింది. నేర్చుకునేందుకు కొత్తగా వచ్చేవాళ్ళు గుమ్మంలోనే ఆగి, మిషన్లను చూసి, "కంప్యూటర్లు లేవా అండీ?" అని అడిగి చెప్పులు విప్పకుండానే వెనక్కి తిరిగేవారు. అక్క మాత్రం రోజూ పొద్దున్నే వచ్చి, ఎవరూ ముట్టుకోని మిషన్లకు కూడా దుమ్ము తుడిచి, నూనె వేసి, గుడ్డ కప్పేది.

ఆ మిషన్లే ఆవిడ సంసారం. మొదటిదాన్ని మా నాన్న పనిచేసే ఆఫీసులో మూలపడేస్తే తెచ్చుకుంది. అందులో సగం అక్షరాలు పైకి లేచేవి కావు. అక్క ఒక సెలవుల కాలమంతా దాన్ని విప్పుతూ బిగిస్తూ గడిపి, చివరికి దానిమీదే పరీక్ష ప్యాసైంది. పెళ్ళి మాట ఎత్తిన బంధువులతో, "నాకంటే వేగంగా కొట్టేవాణ్ణి తీసుకురండి, ఆలోచిద్దాం" అనేది. ఒకాయన నిజంగానే వచ్చాడు. అక్క పక్కన కూర్చుని ఒక పేజీ కొట్టాడు. కాఫీ తాగాడు. వెళ్ళిపోయాడు. ఆ పేజీలో తప్పులకు ఎర్రసిరా సరిపోలేదని మా ఇంట్లో చాలాకాలం చెప్పుకున్నారు.

గది గొడుగులాయనది. మేడమెట్ల కింద ఆయన షాపు. గుమ్మంలో ముక్కాలిపీట వేసుకుని, ఊచలకు నల్లగుడ్డ కుడుతూ, వచ్చేపోయేవాళ్ళందరితో మాట్లాడుతుండేవాడు. ఆయన నోటికీ సూదికీ ఒకటే వేగం. ఒకరోజు మేం మెట్లు దిగుతుంటే ఆ సూది ఆగింది.

"టీచరమ్మా, ఏమీ అనుకోకు. ఇదివరకు మీ పైన చప్పుడుకి మధ్యాహ్నం కన్ను మూతపడేది కాదు. ఇప్పుడు కూర్చున్నవాణ్ణి కూర్చున్నట్టే నిద్రపోతున్నాను."

"మంచిదేగా బాబాయ్ గారూ."

"నాకు మంచిదే, నీకే కాదు. మా అల్లుడు ఫోటో స్టూడియో పెడతాడట. పైగది ఇవ్వమంటున్నాడు. మీ పిన్ని నా చెవిలో జోరీగై కూర్చుంది. నువ్వా, బల్లలకి పాఠాలు చెబుతున్నావు."

అక్క ఒక మెట్టు కిందికి దిగి నిలబడింది. "ఇంటర్నెట్ పెడుతున్నాను" అంది.

ఆ మాట నోట్లోంచి వచ్చేదాకా ఆ సంగతి అక్కకు కూడా తెలియదని నేను ప్రమాణం చేసి చెప్పగలను.

"ఇంటర్నెట్టా? అది అద్దాల గదుల్లో కదా పెడతారు?"

"మన కిటికీలకి అద్దాలు లేవా ఏం?"

ఆయన నవ్వాడు. "సరే. నెలాఖరుకి నా కళ్ళకి చూపించు. చూపించావా, గది నీది. అల్లుడికి నేను సర్దిచెప్పుకుంటాను. లేదంటే మాత్రం మిషన్లు కిందికి దించుకోవాలి. తరవాత నన్ను తిట్టుకోకూడదు."

అలా మా అక్క బతుకు ఒక టెలిఫోన్ తీగకు వేలాడింది.

కంప్యూటరు దొరకడం కష్టం కాలేదు. ఒక లెక్కల ఆఫీసువాళ్ళు కొత్తవి కొనుక్కుని పాతవి తీసేస్తుంటే అక్క ఒకటి తెచ్చుకుంది. దాన్ని చూసేందుకు రిపేరతను వచ్చాడు. రేడియోలతో మొదలుపెట్టి కంప్యూటర్ల దాకా వచ్చినవాడు, బొద్దుగా, నెమ్మదిగా ఉండేవాడు. పెట్టె విప్పే ముందు దాని నెత్తిమీద ఒకసారి చెయ్యి వేసేవాడు. స్విచ్చి వెయ్యగానే నల్లటి తెరమీద తెల్లటి అక్షరాలు బిలబిలా పైకి పాకి ఆగిపోయాయి. చివర ఒక చిన్న గీత మిణుకు మిణుకుమంటోంది.

"మేడమ్, దీన్ని నడిపేది లైనక్స్ అనే ప్రోగ్రాం. తీసేసి విండోస్ వేస్తాను. ఇంటర్నెట్ కావాలంటే అదే సుఖం."

"ఇందులో రాదా?"

"వస్తుంది. కానీ ప్రాణం తీస్తుంది. అన్నీ టైపు చెయ్యాలి."

అక్క మొహం వెలిగిపోయింది. "అన్నీ టైపు చెయ్యాలా?"

"అన్నీ."

"మరి ఈ మౌసు, ఈ ఎలక?"

"బొమ్మలు చూడాలంటే తప్ప దానితో పనిలేదు."

"అయితే ఇదే ఉంచు తమ్ముడూ. ఎలక వెంట తిరగడానికి నేనేం పిల్లినా?"

ఆ క్షణం నుంచి ఆ నల్లతెరకూ అక్కకూ పొత్తు కుదిరింది. తప్పు కొడితే తప్పని మొహమ్మీదే చెబుతుంది, ఒప్పైతే నోరు మూసుకుంటుంది. "ఇది నాలాంటి టీచరురా" అంది నాతో.

ఇంటర్నెట్ మాత్రం తల ప్రాణం తోకకి తెచ్చింది. ఫోన్ తీగలోంచి మాటలకు బదులు కంప్యూటరు సంగతులు నడిపే పరికరాన్ని మోడెం అంటారు. మా కంప్యూటరు కడుపులో ఒకటి ముందే ఉంది. కానీ అది విండోస్ పలకరిస్తే తప్ప నోరు విప్పని రకమట. రిపేరతను దాన్ని పీకేసి, సబ్బుపెట్టె అంతటిది ఇంకొకటి తెచ్చి బయట పెట్టాడు. దాని నుదుటిమీద వరసగా ఎర్రదీపాలు. కింద షాపులోని ఫోన్ నుంచి కిటికీ గుండా ఒక తీగ పైకి లాగాడు. ఆ ఇంటికంతటికీ అదొక్కటే లైను.

ఆ ఫోను చక్రం తిప్పే నల్లఫోను. ఐదు తిప్పితే ఐదు టక్కులు, రెండు తిప్పితే రెండు. "మీ లైను పాతకాలంది మేడమ్. కూతలు పెడితే వినదు, టక్కులే అర్థమవుతాయి" అని మోడెంకి కూడా టక్కులు కొట్టడం నేర్పాడు. వెళుతూ వెళుతూ, ఏమేం చెయ్యాలో అచ్చువేసిన కాగితాలు ఒక కట్ట మా చేతిలో పెట్టాడు.

కాగితాలు చదవడం నా వంతు. టైపు చెయ్యడం అక్క వంతు. నేను ఒక్కో మాటా, ఒక్కో అంకే పైకి చదువుతుంటే, అక్క కళ్ళు తెరమీద నుంచి తిప్పకుండా కొట్టేది. ఇంటర్నెట్ కంపెనీవాళ్ళ ఫోన్ నంబరు, వాళ్ళిచ్చిన పేరు, రహస్యపు మాట, అన్నీ ఎక్కించాం. ప్రెస్సు అలవాటు కొద్దీ నేను కాగితంతో తెరను పోల్చి చూశాను. ఎక్కడా తేడా కనిపించలేదు. అక్క ఎంటర్ నొక్కింది.

మోడెం టకటకా కొట్టుకుంది. ఆగింది. అవతల మోగిన చప్పుడు లేదు, ఎవరూ ఎత్తిన చప్పుడు లేదు. కాసేపటికి తెరమీద ఒక ముక్క వచ్చింది, అవతల ఎవరూ పలకలేదని.

మళ్ళీ నొక్కింది. ఈసారి టక్కులు సగంలో ఉండగానే కిందినుంచి కేక.

"టీచరమ్మా! ఫోన్లో వడ్రంగిపిట్ట దూరింది!"

"అది మేమే బాబాయ్ గారూ! పెట్టెయ్యండి!"

"లోపలికి ఎలా వెళ్ళారు?"

తప్పంతా ఆయన రిసీవరు ఎత్తడంలోనే ఉందనుకున్నాం కొన్నాళ్ళు. ఆయన భోజనానికి వెళ్ళాక చేసి చూశాం. అదే టకటకలు, అదే మౌనం. ఇక కంపెనీవాళ్ళకే ఫోన్ చేద్దామని అక్క కిందికి దిగింది.

"ముందు స్టార్ట్ బటన్ నొక్కండి మేడమ్" అన్నాడు అవతలి అబ్బాయి. ఆ గొంతు షాపంతా వినిపిస్తోంది.

"మా దాంట్లో స్టార్ట్ లేదు నాయనా."

"ఎడమవైపు కింద ఉంటుంది మేడమ్."

"ఎడమవైపు కింద నల్లగా ఉంది. కుడివైపు కింద కూడా నల్లగానే ఉంది."

"కంప్యూటర్ ఆన్ చేశారా?"

"చేశాను. లైనక్స్."

అవతల కాగితాలు తిప్పిన చప్పుడు. "మేడమ్, ఇంట్లో ఇంకెవరైనా పెద్దవాళ్ళు ఉన్నారా?"

"నేనే పెద్దదాన్ని. నువ్వు చెప్పు."

"అయితే ఇప్పుడు కనెక్ట్ చేసి చూడండి, నేను లైన్లోనే ఉంటాను."

"లైన్లో నువ్వుంటే అదెలా వెళుతుంది నాయనా? ఉన్నది ఒక్కటే లైను!"

ఆ అబ్బాయి నవ్వు ఆపుకోలేకపోయాడు. అక్క కూడా నవ్వేసి పెట్టేసింది. కానీ మెట్లెక్కుతున్నప్పుడు ఆవిడ చెయ్యి గోడ పట్టుకుంది. నేనది చూడనట్టు ముందు నడిచాను. ఆ వారమంతా పొద్దున్నే వచ్చినా ఆవిడ మిషన్లకు నూనె వెయ్యలేదు.

నెలాఖరు రానే వచ్చింది. ఆ మధ్యాహ్నం రిపేరతను తన సంచీ మొత్తం కిందపోసుకుని కూర్చున్నాడు. తీగ మార్చాడు, మోడెం మార్చాడు. ఏం మార్చినా అదే వరస. ఇంతలో మెట్లమీద చెప్పుల చప్పుడు. గొడుగులాయన, ఆయన వెనక అల్లుడు. అల్లుడి చేతిలో కొలతల టేపు.

"నువ్వు నీ పని కానీ టీచరమ్మా. వీడు ఊరికే గోడలు కొలుచుకుంటాడు" అన్నాడాయన, ఎటు చూడాలో తెలియక పైకప్పు చూస్తూ.

అల్లుడు మంచివాడే. చెప్పులు బయట విడిచి, మిషన్ల మధ్య ఒద్దికగా నడుస్తూ, టేపు చర్రున లాగి గోడకి ఆనించాడు. ఆ చర్రుమనే చప్పుడు అక్క భరించలేకపోయింది కాబోలు. కంప్యూటరు ముందు నుంచి లేచింది.

"నువ్వు నొక్కరా" అంది నాతో. వెళ్ళి, అందరి వైపూ వీపు పెట్టి, కిటికీ దగ్గర నిలబడింది.

నేను కుర్చీలో కూర్చుని ఎంటర్ నొక్కాను. మోడెం టకటకలు మొదలుపెట్టింది. పూర్తికాకముందే కిటికీ దగ్గరినుంచి గొంతు వచ్చింది, పాఠం చెప్పేటప్పటి గొంతు.

"ఆగు! మింగేస్తున్నాడు!"

"ఎవరు?"

"వాడే, ఆ మోడెం. ఐదు కొట్టాడు, దాని వెనక ఒంటి టక్కు ఉండాలి. మింగేశాడు. చివర్న ఇంకోటి. అదీ మింగేశాడు. మళ్ళీ కొట్టించు."

మళ్ళీ నొక్కాను. ఈసారి అందరం విన్నాం. అల్లుడు కూడా టేపు పట్టుకుని కదలకుండా నిలబడ్డాడు. ఆవిడ చెప్పింది నిజమే. నంబరులో ఒకటి ఉన్నచోటల్లా మోడెం మౌనంగా దాటేస్తోంది. ఇన్నాళ్ళూ అక్క తెరనే చూస్తూ కూర్చుంది. వీపు తిప్పేదాకా ఆవిడ చెవులు తెరుచుకోలేదు.

రిపేరతను తెరకు ముక్కు ఆనించి చూశాడు. "మేడమ్, ఇక్కడ ఒకటి లేదు. ఇది అంకె కాదు, చిన్న ఎల్ అక్షరం. అక్షరానికి ఎన్ని టక్కులు కొట్టాలో మోడెంకి ఏం తెలుస్తుంది? వదిలేసి పోతోంది."

"ఒకటంటే ఎల్లే కదా!" అంది అక్క.

"అదేంటి మేడమ్?"

అక్క పక్కబల్ల మీది మిషన్ గుడ్డ లాగేసింది. "చూడు. అంకెల వరస ఎక్కడ మొదలైంది?"

అతను వంగి చూశాడు. రెండు దగ్గర మొదలైంది. ఆ పాత మిషన్ల మీద ఒకటికి మీటే లేదు. ఒకటి కావలసినప్పుడల్లా చిన్న ఎల్ కొట్టడమే పద్ధతి. కాగితం మీద రెండూ ఒకటే గీత. అక్క వేలమందికి అలాగే నేర్పింది. నేను "ఒకటి" అని చదివిన ప్రతిసారీ ఆవిడ కుడిచేతి ఉంగరపు వేలు తనంతట తానే ఎల్ మీద వాలిపోయింది. మా తెరమీద ఆ అంకే, ఈ అక్షరమూ కవలపిల్లల్లా ఉండేవి. నా ప్రూఫు కళ్ళకూ దొరకలేదు.

అక్క తన ఉంగరపు వేలిని పైకెత్తి చూసుకుంది. మూడో బల్ల మనిషి తన చిటికెన వేలిని చూసుకున్నట్టే. తరవాత పగలబడి నవ్వింది. కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ కూర్చుని, ఎడమచేతి చిటికెన వేలితో, కొత్తగా నేర్చుకునేవాళ్ళలా వెతికి మరీ, ఒకటి అంకెను నొక్కింది.

మోడెం టక్కులన్నీ లెక్కగా కొట్టింది. దూరంగా ఎక్కడో ఫోను మోగింది. ఎవరో ఎత్తారు. ఆ వెంటనే పెట్టెలోంచి కీచుమని, గరగరమని, బుస్సుమని ఒక మోత.

గొడుగులాయన ఒక అడుగు వెనక్కి వేశాడు. "ఎవరమ్మా ఆ పళ్ళు నూరేది?"

"పలకరించుకుంటున్నాయండీ రెండూ" అన్నాడు రిపేరతను, పసిపిల్ల ఏడుపు విన్న తండ్రిలా నవ్వుతూ.

మోత ఆగింది. తెరమీద ఇంకో ముక్క పడింది, రహస్యపు మాట తప్పని. రిపేరతను తల పట్టుకున్నాడు. అక్క మాత్రం కంగారు పడలేదు. "అందులోనూ ఒకటుంది. అక్కడా ఇదే వేలు" అని, వేలి మీద చిన్నగా ఒక దెబ్బ వేసి, దిద్ది, మళ్ళీ నొక్కింది. టక్కులు, మోగడం, పళ్ళు నూరడం. ఎర్రదీపాలు ఒక్కొక్కటే వెలిగి అలాగే నిలిచాయి.

అందరం తెర చుట్టూ మూగాం.

"వచ్చిందా?" అన్నాడు గొడుగులాయన గుసగుసగా.

"వచ్చింది బాబాయ్ గారూ. ఏం చూస్తారు?"

ఆయన అంతదాకా ఆలోచించుకోలేదు. "ఏదైనా చూడొచ్చా? అయితే గొడుగు చూపించు."

తెరమీద బొమ్మలు కనిపించే కిటికీ తెరిచి, అక్క ఎలకను తాను ముట్టుకోకుండా ఆయన చేతికే ఇచ్చింది. రిపేరతను ఎక్కడ నొక్కాలో చూపించాడు. తెరమీద ఒక గొడుగు పైనుంచి కిందికి, గీత తరవాత గీతగా, దిగడం మొదలుపెట్టింది. ముందు పైన మొన. తరవాత గుడ్డ అంచు.

"అబ్బో, పట్టుగుడ్డ" అన్నాడాయన. ఇంకో రెండు గీతలు దిగాయి. "కుట్టు చూశావా అల్లుడూ? లోపలికి మడిచి కుట్టాడు. మనం ఎప్పుడూ అలా కుట్టలేదు." ఇంకాస్త దిగింది. "ఊచలు రానీ, ఊచలు రానీ... ఆహా! ఇది ఇత్తడే! కర్ర ఏం కర్రో చూద్దాం." అల్లుడు ఆయన భుజం మీంచి తెరలోకి వంగిపోయాడు. కొలతల టేపు చేతిలోంచి జారి దానంతటదే చుట్టుకుపోయింది. ఎవరూ పట్టించుకోలేదు.

కర్ర సగం దిగింది. ఇక మిగిలింది పిడి. అంతలో బొమ్మ ఆగిపోయింది. ఎర్రదీపాలు టపటపా ఆరిపోయాయి.

"ఏమైంది? పిడేదీ?"

"కింద ఎవరో ఫోను ఎత్తారండీ" అన్నాడు రిపేరతను.

ఆయన ఒక్క ఉదుటున మెట్ల దగ్గరికి పరిగెత్తాడు. "ఏమేవ్! ఫోన్ పెట్టెయ్! గొడుగు సగంలో ఉంది!"

"సగంలో ఉంటే కిందికొచ్చి పూర్తి చేసుకోండి, ఎవరొద్దన్నారు?" అంది పిన్నిగారు కిందినుంచి. "భోజనం చల్లారిపోతోంది."

"పిడి ఎలాంటిదో చూడకుండా నాకు ముద్ద దిగదు!"

"పిడి చూడకుండా ముద్ద దిగదా? ఈయనకి ఎండదెబ్బ తగిలినట్టుంది, అల్లుణ్ణి కిందికి పంపండి!"

అల్లుడు కిందికి వెళ్ళలేదు. "మామయ్యా, మళ్ళీ పెట్టించండి" అన్నాడు. మళ్ళీ పెట్టించారు. పైనుంచి మొదలై, మొన, గుడ్డ, ఊచలు, కర్ర, అన్నీ మొదటిసారి చూసినంత శ్రద్ధగా చూశారు. చివరికి పిడి వచ్చింది. వంపు తిరిగిన వెదురు పిడి, కొసకి చిన్న వెండి తొడుగు. గొడుగులాయన చాలాసేపు మాట్లాడలేదు. నేనాయన్ని మాట్లాడకుండా చూసింది ఆ ఒక్కసారే.

దిగి వెళుతూ అల్లుడి భుజం మీద చెయ్యి వేశాడు. "ఒరే నాయనా, ఫోటోలు తియ్యడానికి వెలుతురుంటే చాలు, ఎక్కడైనా తీసుకోవచ్చు. ఈ తీగ ఇక్కడే ఉంది. దీన్ని మనం కదిలించొద్దు." గుమ్మం దగ్గర ఆగి, వెనక్కి తిరిగి, "టీచరమ్మా, ఆ మిషన్లకి కాస్త నూనె వెయ్యి. తుప్పు పట్టేలా ఉన్నాయి" అన్నాడు.

అక్క అప్పటికే నూనె సీసా తీస్తోంది.

తరవాత ఆ గదిలో మిషన్లూ కంప్యూటర్లూ పక్కపక్కనే మోగాయి, చాలా ఏళ్ళు. మిషన్ల మీద నేర్చుకుని కంప్యూటరుకి మారేవాళ్ళందరి చేతా అక్క ముందుగా ఒక వరస నిండా ఒకట్లు కొట్టించేది, ఎడమ చిటికెన వేలితో. ఎందుకో వాళ్ళకి చెప్పేది కాదు. ఇప్పటికీ ఆవిడ నాకు ఉత్తరాలు కంప్యూటరులోనే రాస్తుంది. తేదీలో ఎక్కడైనా ఒకటికి బదులు ఎల్ కనిపిస్తే, ఆ రోజు ఆవిడ తొందరలో ఉందని నాకు అర్థమవుతుంది. ప్రూఫులు దిద్దినవాణ్ణే అయినా అది మాత్రం దిద్దను.

ఫోన్ సంగతి గొడుగులాయనే తేల్చాడు. పైన ఇంటర్నెట్ నడుస్తున్నప్పుడు అక్క మెట్లమీదనుంచి ఒక కేక వేసేది. ఆయన వెంటనే ఒక గొడుగు తెరిచి నల్లఫోను మీద కప్పేవాడు. గొడుగు తెరిచి ఉన్నంతసేపూ ఫోను ముట్టుకోకూడదు. ఈ కట్టుబాటుకి పిన్నిగారు కూడా తలవంచారు. కొత్తగా షాపుకి వచ్చినవాళ్ళకి మాత్రం వింతగా ఉండేది.

"ఏవండీ, ఎండా లేదు, వానా లేదు. ఇంట్లో ఆ గొడుగెందుకు తెరిచారు?" అని అడిగేవారు.

ఆయన కుట్టు ఆపకుండా, తల ఎత్తకుండా, పైకి చూపించేవాడు.

"పైన ఇంటర్నెట్ పడుతోంది."